దొర నోరు తెరిస్తేనే పాట

తెలుగు పాట గొప్పదో కాదో తేల్చడం ఈమధ్య బాగా సులువైపోయింది. రాగం తెలియక్కర్లేదు, తాళం తెలియక్కర్లేదు. ఎక్కడో లండన్లోనో టెక్సాస్‌లోనో ఒక తెల్లాయన చెవులకు హెడ్‌ఫోన్సు తగిలించుకుని, మన పాట పెట్టుకుని, నాలుగు సెకన్లకోసారి ఆపి, గుడ్లు తేలేసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే చాలు. మా వైపు నెత్తిన చేతులు పెట్టుకునేది శెనక్కాయ పంట ఎండిపోయినప్పుడు. యూట్యూబులో మాత్రం అది మెచ్చుకోలు. దాని పేరు రియాక్షన్ వీడియో.

గుత్తి బస్టాండు పక్కన ఉగ్గాని బండి దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూడండి. కాలేజీ కుర్రాడొకడు ఫోన్ను నీళ్ళ జగ్గుకు ఆనించి, బజ్జీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు. పాట వాడికి కంఠతా వచ్చు, స్టెప్పులతో సహా వచ్చు. అయినా పాట చూడడు; పాట చూస్తున్న మనిషిని చూస్తాడు. ఆ మనిషి ‘వావ్’ అన్నాక గానీ వీడికి బజ్జీ గొంతు దిగదు. దిగాక నూనె వేలితోనే కామెంటు: తెలుగువాడిగా పుట్టినందుకు గర్విస్తున్నాను. పుట్టి ఇరవై ఏళ్ళయింది, గర్వం ఇవాళ పొద్దున మొదలైంది.

ఈ జబ్బుకు పాత కేసు ‘గోలీమార్’ పాట. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో 1983 డిసెంబరులో వచ్చింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 1985లో, కోదండరామిరెడ్డి తీసిన ‘దొంగ’లో చిరంజీవి శ్మశానంలో దెయ్యాలను వెంటేసుకుని ఆడేశాడు. సంగీతం చక్రవర్తి. సమాధులూ, వేషమూ, ఊపూ జాక్సన్ దగ్గర తెచ్చుకున్నవే, దాపరికం లేదు. నేల టికెట్టు జనం ఈలలేశారు, ఇంటికెళ్ళి పడుకున్నారు. దాని గురించి అమెరికావాళ్ళు ఏమనుకుంటున్నారని ఎవడూ అడగలేదు. ఆ కాలపు ఆరోగ్యం అలాంటిది.

యూట్యూబు వచ్చాక ఆ పాట ‘ఇండియన్ థ్రిల్లర్’ పేరుతో దేశాలు తిరిగింది. అక్కడివాళ్ళు తెలుగు మాటలు తమ చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో కింద రాసుకుని, పొట్టలు పట్టుకుని నవ్వారు. మనవాళ్ళు ఆ నవ్వును చూశారు, లక్షల వ్యూసును లెక్కపెట్టారు, మన చిరంజీవి ప్రపంచమంతా ఫేమస్ అని లడ్డూలు పంచుకున్నంత పని చేశారు. వెక్కిరింపుకూ సన్మానానికీ తేడా తెలియకపోవడం కూడా ఒక సుఖమే.

బయటివాళ్ళు పెట్టిన పేరుతో లోకానికి తెలిసే ఈ అనుభవం గుత్తికి కొత్తదేం కాదు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడును లోకానికి పరిచయం చేశాడు. అది దొరికింది గుత్తిలో, రైల్వేవాళ్ళ కట్టెల యార్డులో. కట్టెల లోడుతో పాటు రైలెక్కి వచ్చి ఇక్కడ దిగిందని తర్వాతివాళ్ళ అంచనా. దాని కాపురం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. అయితేనేం, దిగిన స్టేషనే ఇంటిపేరైపోయింది. విదేశాల్లో గాజుపెట్టెల్లో సాలీళ్ళను పెంచుకునేవాళ్ళు దాన్ని ‘గుత్తి సఫైర్’ అంటారు. మురారిరావు ఏలిన ఇంత కోట కొండ మీద ఉండగా, బయటి ప్రపంచానికి గుత్తి అంటే సాలీడు. చక్రవర్తి తొమ్మిది వందల పైచిలుకు సినిమాలకు బాణీలు కట్టి ఉండగా, వాళ్ళకు ఆయన ‘ఇండియన్ థ్రిల్లర్’ వెనకాల వినబడే చప్పుడు. పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టను. వాళ్ళు చూసింది ఆ స్టేషన్నే. ఊళ్ళో ఉన్నవాళ్ళం మనం కూడా ఆ బోర్డు చూసే ఊరి అడ్రసు చెప్పుకోవడమే విడ్డూరం.

కీరవాణి సంగతే తీసుకోండి. 1990లో ‘మనసు మమత’తో మొదలుపెట్టాడు. ‘అన్నమయ్య’కు జాతీయ అవార్డు తీసుకున్నాడు. మన పెళ్ళి వీడియోల్లో ఆయన పాటలు మోగని ఊరు లేదు. అంతా అయ్యాక, 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు, ఆయన గొప్ప సంగీత దర్శకుడని మనం కనిపెట్టాం. ఆ వేదిక మీద ఆయన మాత్రం వేరే పని చేశాడు. అమెరికా పాప్ జంట కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ళ ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ వరసలోనే తన మాటలు పాడాడు. తర్వాత ఆ జంటలోని రిచర్డ్ కార్పెంటర్ ఇంట్లో కుటుంబంతో కూర్చుని అదే పాటను మాటలు మార్చి పాడి పంపాడు. అవార్డు వేట పొడవునా బిగబట్టుకున్న కీరవాణికి అప్పుడు కన్నీళ్ళు ఆగలేదు. పాప్ చరిత్రలో నాకు నచ్చిన ఘట్టాల్లో అదొకటి: శిష్యుడు బాకీ తీర్చాడు, గురువు రసీదు రాసిచ్చాడు. మనవాళ్ళు ఆ రసీదును కూడా సర్టిఫికెట్టని ఫ్రేము కట్టించారు.

తెల్లవాళ్ళ చప్పట్లకు అంత బరువుందా అంటే, 1971 ఆగస్టు 1న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. బంగ్లాదేశ్ కోసం జార్జ్ హారిసన్ పెట్టిన కచేరీ. రవిశంకర్ బృందం వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. శ్రుతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని ఆయన నవ్వుతూ అంటించాడు. ఆ రోజు మనమంటూ ఉంటే, శ్రుతి చేయడంలో భారతదేశం నంబర్ వన్ అని పోస్టు పెట్టి ఉండేవాళ్ళం.

మా అనంతపురం వైపు ఉరుములని ఒక వాద్యం ఉంది. జాతరలో నలుగురు దాన్ని మెళ్ళో వేసుకుని అడుగు కలిపారంటే డ్రమ్‌సెట్ మూట కట్టుకోవాల్సిందే. దాని మీద తెల్లాయనెవడూ ఇంకా నెత్తిన చేతులు పెట్టుకోలేదు కాబట్టి, కుర్రాళ్ళు దాన్ని పాతకాలపు చప్పుడంటారు, డీజే తెప్పిస్తారు. ఉరుములోళ్ళకు నేను చెప్పేదొకటే: సాధన తర్వాత, ముందు ఒక దొరను వెతుక్కోండి. గుత్తిలో ఒకప్పుడు ఉండేవాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు మన్రోను తెచ్చి ఇక్కడే పూడ్చారు. నాలుగేళ్ళకు తవ్వి మద్రాసు పట్టుకుపోయారు. ఇక్కడే ఉంచి ఉంటే, ‘గోలీమార్’ మోగినప్పుడైనా లేచి కూర్చుని ఒక రియాక్షన్ ఇచ్చేవాడు.