“ఏం గాదు, తోలు తమ్మీ!”: ట్రాలీ సలహాల్లో వినకూడనివి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించిన ప్రతి కొత్త డ్రైవరూ మొదట వినే మాట “ఏం గాదు, తోలు తమ్మీ”. చెప్పేది పరాయివాళ్లు కాదు. సొంత చిన్నాయనో, మిల్లు కాడ హమాలీయో, ఇరవై ఏండ్లుగా స్టీరింగ్ పట్టిన పెద్దమనిషో. మంచి కోరే చెబుతారు. కానీ ఆ సలహాలన్నిట్లో ఒకటే లోపం ఉంది. అన్నీ గుంజుడు గురించే. నలభై ఐదు, యాభై హెచ్‌పీ ట్రాక్టర్‌కు బరువు గుంజడం పెద్ద పని కాదు. గుంజిన బరువును ఆపడం, మూలమలుపులో తిప్పడం, వాలులో పట్టి ఉంచడం అసలు పని. ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ మన దగ్గర బాగా చలామణిలో ఉన్న తప్పుడు సలహాలను ముందు పెట్టి, ఎందుకు వినొద్దో రాస్తున్నాను.

“ట్రాలీ నిండినదాక పొయ్యి, అదే లోడు.”

ఇది లెక్కకు నిలవదు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్రాలీలో 120 ఘనపుటడుగుల జాగా ఉంటుంది. అంచుల దాకా ఎండిన వడ్లు పోస్తే సుమారు రెండు టన్నులు. అదే అంచుల దాకా ఇసుక పోస్తే ఐదు టన్నులు దాటుతుంది, తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. కంటికి రెండూ ఒకే ఎత్తు. బ్రేకుకు మాత్రం ఒకటి కాదు. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లను పట్టా పరిచి నేరుగా ట్రాలీలో పోసుకుని మిర్యాలగూడ మిల్లులకు తెచ్చే రైతులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం తేమ వరకే తీసుకుంటారు. పొలంలోంచి అప్పుడే వచ్చిన వడ్లలో తేమ అంతకంటే చాలా ఎక్కువ. ఆ నీళ్ల బరువు కూడా మీ హుక్కు మీదే ఉంటుంది. బస్తాల్లో తెచ్చేవాళ్లకు లెక్క సులువు. కొనుగోలు కేంద్రం బస్తా 40 కిలోలు, నూట ఇరవై బస్తాలంటే 4,800 కిలోలు. తోలే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు.

పత్తిది వేరే బాధ. బరువు తక్కువని బోరాలు ఎత్తుగా, పక్కలకు బయటికి పేరుస్తారు. బండి బరువంతా పైకి పోతుంది. గుంతలో ఒక పక్క చక్రం దిగితే ట్రాలీ పక్కకు ఒరుగుతుంది. గడ్డి లోడుకూ ఇదే వర్తిస్తుంది.

“బరువు ఎనకకు జరుపు, ఇంజన్‌కు అల్కగ ఉంటది.”

ఎడ్లబండి కట్టినవాళ్లెవరైనా ఈ మాట అనరు. బండి వెనక బరువెక్కువైతే నొగ లేచి కాడి ఎద్దుల మెడకు తగులుకుంటుంది. ముందెక్కువైతే మెడలు కిందికి గుంజుతాయి. రెండు చక్రాల ట్రాలీదీ అదే పద్ధతి. బరువు ఇరుసుకు వెనకాల పడితే హుక్కును పైకి ఎత్తుతుంది, ట్రాక్టర్ వెనక టైర్ల పట్టు పోతుంది, కొంచెం వేగం అందుకోగానే ట్రాలీ తోక అటూ ఇటూ ఊగుతుంది. అట్లా ఊగుడు మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్‌తో సరిచేయబోవద్దు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని రేసు వదిలేసి వేగం దానంతటదే తగ్గనివ్వాలి. ఇక ముందుకు మరీ ఎక్కువ పేర్చినా ముప్పే. హుక్కు ట్రాక్టర్ వెనక ఇరుసు కంటే వెనకాల ఉంటుంది కాబట్టి అక్కడ బరువు పెరిగితే ముందు చక్రాలు తేలుతాయి. కాల్వ గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగకపోవడానికి కారణం ఇదే. బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ ఇరుసుకు ముందు ఉంటే సరిపోతుంది.

“దిగుడుల న్యూట్రల్ కొట్టు, డీజిల్ మిగుల్తది.”

అన్ని సలహాల్లోకీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. ఎందుకంటే ఇది ప్రాణానికీ చేటు, డీజిల్ లెక్కలోనూ తప్పు. గేరులో ఉండి రేసు వదిలేసినప్పుడు ఇంజన్‌ను చక్రాలే తిప్పుతుంటాయి, పంపు డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉండాలి. మిగిలేదేమీ లేదు. పోయేది మాత్రం ఇంజన్ పట్టు. మన్ననూరు దాటి నల్లమలలోకి పోయాక, దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు పోయే ఘాట్‌లో ఆ పట్టు లేకుండా ఒక్క బ్రేకు మీదే దిగితే, కొన్ని మలుపుల్లోనే లైనింగు కాలి వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి వినదు. ఎక్కడానికి ఏ గేరు అవసరమవుతుందో దిగడానికీ ఆ గేరే. అదీ దిగుడు మొదలుకాక ముందే వేసుకోవాలి. బరువు నెట్టుకొస్తుండగా గేరు మార్చబోతే పడకపోవచ్చు, పడకపోతే న్యూట్రల్‌లోనే చిక్కుకుంటారు. క్లచ్ మీద కాలు పెట్టి దిగడం కూడా న్యూట్రల్‌తో సమానమే.

ఘాట్ రోడ్డే అక్కర్లేదు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, మిర్యాలగూడ మీదుగా కోదాడ పోయే 167వ జాతీయ రహదారి మన రెండు జిల్లాలనూ కలుపుతుంది. చదునుగా కనిపించే ఆ దారిలోనూ వాగుల మీది వంతెనల దగ్గర పల్లాలున్నాయి. లోడు ట్రాలీకి అవి చాలు.

ఇప్పుడు బ్రేకుల దగ్గరికి వద్దాం. ట్రాక్టర్‌కు కుడికాలి కింద రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, ఒకటి కుడి వెనక చక్రానికి. దమ్ము చేసేటప్పుడు మడి మూలలో చట్టున తిరగడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రెండింటినీ కలిపే చిన్న ఇనుప లాక్ ఒకటి పెడల్ పక్కనే ఉంటుంది, వేలెడంత. రోడ్డెక్కే ముందు దాన్ని వేయాలి. “మల్ల పొలంల దిగాలె గదా, ఎందుకు ఏసుడు” అనేది సలహా. ఆ లాక్ వేయకుండా నలభై కిలోమీటర్ల వేగంలో ఎదురుగా బర్రె వచ్చిందని గాభరాగా తొక్కితే కాలు ఒక్క పెడల్ మీద పడుతుంది. ఒక చక్రం బిగుసుకుంటుంది, ఇంకోటి తిరుగుతుంది, ట్రాక్టర్ ఆ పక్కకు చటుక్కున మళ్లుతుంది. వెనకున్న నాలుగు టన్నులు మాత్రం నేరుగానే వస్తాయి, ట్రాక్టర్‌ను పక్కకు నెట్టి బోల్తా కొట్టిస్తాయి. ట్రాక్టర్ కొన్నరోజే డ్రైవర్‌కు ఈ లాక్ చూపించాలి. సొంత తమ్ముడైనా సరే, అది వేయకుండా రోడ్డెక్కితే తాళంచెవి ఇవ్వొద్దు.

మన ట్రాలీలు చాలావాటికి సొంత బ్రేకులు లేవు. ట్రాక్టర్ వెనక చక్రాలే మొత్తం బరువును ఆపాలి. యూరప్‌లో కార్ల వెనక తగిలించే ట్రైలర్ 750 కిలోలు దాటితే దాని బ్రేకులు దానికి ఉండి తీరాలి. మన దగ్గర దానికి ఐదారింతలు వేసుకుని బ్రేకుల్లేకుండా తిరుగుతున్నాం. కొత్త ట్రాలీ కట్టించేవాళ్లు రంగుకూ, పేర్లు రాయించడానికీ పెట్టే డబ్బులో కొంత బ్రేకుకు పెట్టండి. అది లేనంతకాలం వేగమే మీ బ్రేకు. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది.

“పిన్ను అరిగితే ఏమాయె, సలాక పెట్టు.” వద్దు. హుక్కులో వేసే పిన్నుకు నడుమ గాడి పడిందంటే దాని పని అయిపోయినట్టే. అడుగున జారకుండా పెట్టే క్లిప్పు బదులు బైండింగ్ వైరు చుట్టినవి మిల్లు వరుసల్లో ఎన్నో కనిపిస్తాయి. గుంతల్లో ఎగిరెగిరి ఆ వైరు తెగుతుంది. పిన్నుకూ క్లిప్పుకూ అయ్యే ఖర్చు రెండు బస్తాల వడ్ల ధర కూడా కాదు. దానితోపాటు ట్రాలీకీ ట్రాక్టర్‌కూ మధ్య ఒక గొలుసు వేయండి.

బురదలో దిగబడినప్పుడు వినిపించేది ఇంకా ఘోరం: “గొలుసు మీదికి కట్టు, టాప్ లింక్ కాడ, జోరుగ గుంజుతది.” ఎప్పటికీ కట్టొద్దు. వెనక ఇరుసు కంటే ఎత్తులో కట్టి గుంజితే బరువు కదలదు, ఇరుసు చుట్టూ ట్రాక్టరే పైకి లేస్తుంది. ముందు చక్రాలు లేచి తిరగబడే దాకా పట్టేది ఒకటి రెండు సెకన్లే. క్లచ్ తొక్కే వ్యవధి మనిషికి ఉండదు. గుంజేది ఎప్పుడూ కింది హుక్కుతోనే.

ఈమధ్య బొలేరో పికప్‌లు పెరిగాయి కాబట్టి “దీనికే ట్రాలీ తగిలియ్, ట్రాక్టర్ కంటె జల్ది పోతది” అనేవాళ్లూ వచ్చారు. పికప్ వెనక ఉన్న కొక్కెం దిగబడ్డ బండిని బయటికి లాగడానికి. రోజూ ట్రైలర్ మోయడానికి కాదు. వెల్డింగ్ షాపులో అతికించిన హుక్కు చాసిస్ ఎంత తట్టుకుంటుందో చెప్పదు. పికప్‌లతో ట్రైలర్లు గుంజడం మామూలైన అమెరికాలో ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హుక్కు మీద పడేలా సర్దుతారు. అంటే రెండు టన్నుల ట్రైలర్‌కు 200 నుంచి 300 కిలోలు. ఆ బరువును పికప్ మోయగల లోడులోంచి తీసేస్తారు. కంపెనీ పుస్తకంలో గుంజే బరువు రాసి లేకపోతే తగిలించొద్దు. ఆర్సీ, ఇన్సూరెన్స్ కూడా ట్రైలర్‌కు విడిగా ఉండాలి.

ఇక ఆఖరి సలహా. “మనుషులే గదా, వడ్లంత బరువా ఏంది, ఎక్కించు.”

2018 ఏప్రిల్ 6న పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపతోట పనికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ ప్రాజెక్టు కాల్వలో పడింది. తొమ్మిది మంది చనిపోయారు. మూడు నెలలైనా గడవలేదు, జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర పత్తి చేలకు పోతున్న కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడింది. పదిహేను మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. ముప్పై మంది బరువు టన్నున్నర ఉంటుందేమో, నిజమే, వడ్ల కంటే తక్కువ. కానీ వడ్లు ట్రాలీలో అడుగుకు సర్దుకుని కూర్చుంటాయి. మనుషులు నిలబడతారు, అంచుల మీద కూర్చుంటారు, మలుపులో అందరూ ఒకే పక్కకు ఒరుగుతారు. బోల్తా పడితే పైనుంచి మూత పడ్డట్టు ట్రాలీ వాళ్ల మీదికే వస్తుంది. నీళ్లలో అయితే కింద నుంచి బయటికి రావడానికి దారే ఉండదు.

చట్టం ప్రకారం ట్రాలీ మనుషులను ఎక్కించే బండి కాదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు వ్యవసాయ పాలసీ చూపించి పక్కకు తప్పుకుంటారు. మార్కెట్‌కు కూరగాయలు తీసుకుపోతూ ట్రాలీలో ఎక్కి చనిపోయిన మనిషి కేసులో 2004లో సుప్రీంకోర్టు కంపెనీ బాధ్యత లేదనే చెప్పింది. అప్పుడు భారం ట్రాక్టర్ ఉన్న రైతు మీద, అంతకంటే ఎక్కువగా పోయిన మనిషి ఇంటి మీద పడుతుంది. నాట్లకో, కలుపుకో, పత్తి తీయడానికో పొరుగూరి నుంచి కూలీలను పిలిచే రైతు సీట్లున్న బండి కిరాయి కూడా కూలిలో భాగంగానే లెక్కేసుకోవాలి. ముఠా మాట్లాడే అక్కలు కూడా కూలి ఎంత అని అడిగేటప్పుడే “బండి ఏం పెడ్తవ్” అని అడగండి. ట్రాలీ అంటే రామని చెప్పండి.

రాత్రి పూట తోలేవాళ్లకు రెండే మాటలు. ట్రాలీ వెనక రెండు మూలలకూ రేడియం అంటించండి, మట్టి పడితే తుడవండి, వెనక లైటు వైరు చూసుకోండి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి దారిలో లారీలకు ముందు పోయే చీకటి ట్రాలీ కనిపించేసరికి ఆలస్యమవుతుంది. వాలులో ఆపినప్పుడు టైర్ల వెనక రాళ్లు పెట్టడం మంచి పనే, పెట్టండి. కదిలేటప్పుడు మాత్రం దిగి, ఆ రాళ్లను తీసి రోడ్డు కిందికి వేసి పోవాలి. ట్రాలీ వెళ్లిపోయాక బైకు మీద వచ్చే పిల్లగానికి హెడ్‌లైటులో ఆ రాయి కనపడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు.