తాళంచెవి ఇదిగో, ఇల్లు మీరే కట్టుకోండి

మొత్తానికి సాధించారు. డబ్బాలో ఆట పెట్టకుండానే ఆట డబ్బా అమ్మొచ్చని 2025 ఏప్రిల్‌లో వీడియో గేమ్‌ల కంపెనీ నింటెండో లోకానికి చాటింది. పేరు కూడా ముచ్చటగా పెట్టింది, గేమ్-కీ కార్డు అని. ఆ కంపెనీ కొత్త ఆట యంత్రం స్విచ్ 2 కొన్నవాడు అంగడికి వెళ్లి డబ్బా కొనాలి. డబ్బా విప్పి కార్డు తీయాలి. కార్డును యంత్రంలో దోపాలి. అప్పుడు ఆ కార్డు వినయంగా విన్నవించుకుంటుంది, అయ్యా నాలో ఏమీ లేదు, ఇంటర్నెట్ నుంచి దించుకోండి అని.

ఇంతవరకూ ఎలాగో సర్దుకుపోవచ్చు. అసలు వినోదం ఆట దిగాక మొదలవుతుంది. ఆట మొత్తం ఇప్పుడు యంత్రం కడుపులో ఉంది, కార్డు కడుపు ఎప్పటిలాగే ఖాళీ. అయినా ఆడాలనుకున్న ప్రతిసారీ కార్డు దోపి ఉంచాల్సిందే. తీస్తే ఆట కదలదు. పెళ్లికి పిలిచి, విస్తరి చేతికిచ్చి, వంట మాత్రం మీ ఇంట్లో మీ గ్యాసు మీద మీరే చేసుకోండన్నారట ఒక పెళ్లివారు. సరేనని వండుకుని తినబోతే, ముద్దముద్దకీ శుభలేఖ చూపించాలన్నారట. ఆ పెళ్లివారి వంశం ఎక్కడ స్థిరపడిందా అని ఇన్నాళ్లూ అనుమానంగా ఉండేది. నింటెండో వారి క్యోటోలో అని తేలింది.

క్యాసెట్టు కొంటే ఒక సుఖం ఉండేది, దోపగానే ఆట. డౌన్‌లోడ్ కొంటే ఇంకో సుఖం, మంచం దిగకుండా ఆట మార్చుకోవచ్చు. ఈ కార్డు రెండు సుఖాల్నీ జాగ్రత్తగా ఏరి పారేసి, రెండిటి కష్టాల్నీ ఒకే డబ్బాలో సర్దింది. డౌన్‌లోడ్‌లాగే గంటల తరబడి దించుకోవాలి, మెమరీ తినేస్తుంది, అటువైపు కంపెనీ సర్వరు బతికుండాలి. క్యాసెట్టులాగే మోయాలి, మార్చాలి, పోకుండా దాచుకోవాలి. రెంటికీ చెడ్డ రేవడి అని ఊరికే తిట్టుకోవడమే గానీ, ఆ రేవడిని ఫ్యాక్టరీలో అచ్చుపోసి డాలర్లకు అమ్ముతారని మన పెద్దలు ఊహించి ఉండరు.

కార్డు నాలిక మీద పెట్టుకుంటే చేదుగా ఉంటుంది. ఇది ఎత్తిపొడుపు కాదు, రసాయన శాస్త్రం. చిన్నపిల్లలు మింగేయకుండా 2017 నాటి మొదటి స్విచ్ నుంచే కార్డులకు డెనటోనియం బెంజోయేట్ అనే పరమ చేదు పదార్థం పూస్తున్నారు. కొత్త యంత్రం కార్డుల్లోనూ చేదు ఆచారం కొనసాగింది. లోపల ఆట లేకపోతేనేం, పైన రుచి ఉంది. పైన పటారం లోన లొటారం అన్నారు గానీ, పటారం కూడా చేదుగా ఉండొచ్చన్నది సామెతకు ఈ శతాబ్దం చేసిన చేర్పు.

అదే ఏప్రిల్‌లో అదే కంపెనీ ఇంకో వింత తెచ్చింది. పూర్తిగా డౌన్‌లోడ్‌గా కొన్న ఆటకు వర్చువల్ గేమ్ కార్డట. తెర మీద కార్డు బొమ్మ కనిపిస్తుంది. దాన్ని ఒక యంత్రం నుంచి తీసినట్టు తీసి, ఇంకో యంత్రంలో పెట్టినట్టు పెట్టొచ్చు. కుటుంబ బృందంలో ఉన్నవాళ్లకు 14 రోజులు అరువివ్వొచ్చు, అదీ రెండు యంత్రాలూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే చేతులు మారాలి. గడువు తీరితే దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. అంటే, చేతికి తగిలే కార్డులో ఆట ఉండదు. ఆట ఉన్నచోట చేతికి తగిలే కార్డు లేదు గనక దాని బొమ్మ గీసి పెట్టారు. ఈ రెండు ఆలోచనలూ ఒకే భవనంలో పుట్టాయి. పుట్టించినవాళ్లు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చుని నవ్వకుండా ఎలా తినగలిగారో కనుక్కోవాలనిపిస్తుంది.

దీనికి చెప్పే కారణం మటుకు వినసొంపుగా ఉంటుంది. ఆటలు పెద్దవైపోయాయి, అంత పెద్ద ఆటల్ని ప్రచురణ సంస్థలు ఈ యంత్రం మీదికి తేవాలంటే వాటికి ఒక వెసులుబాటు ఉండాలి కదా అంటారు. అసలు లెక్క వీధి చివర చిల్లర కొట్టాయనకు కూడా తెలుసు. వేరే యంత్రాల ఆటలొచ్చే డిస్కు చవక. ఆట కార్డులో ఉండేది మెమరీ చిప్పు, జీబీలు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఇన్నాళ్లూ అమ్మేవాడు భరించాడు. ఇప్పుడు ఆట కూర్చునే పీట కొనేవాడు వేయాలి. స్విచ్ 2లో ఇచ్చింది 256 జీబీ, అందులో కొంత యంత్రం తన అవసరాలకు అట్టిపెట్టుకుంటుంది. నిండిపోతే ఒక ఆట చెరిపి ఇంకోటి దించాలి. ఆర్కైవ్ పేరుతో అలా చెరిపిన ఆట బొమ్మ మాత్రం తెర మీద అలాగే ఉంటుంది, గోడ మీద దండ వేసిన ఫొటోలాగా.

చెరపడం ఇష్టం లేకపోతే మెమరీ కార్డు కొనుక్కోవాలి. ఫోన్లోదో పాత స్విచ్‌లోదో మామూలు మైక్రోఎస్‌డీ కార్డు దోపితే, అందులో పాత స్విచ్‌లో తీసిన తెర ఫొటోలూ వీడియోలూ ఉంటే ఎక్కించుకోనిస్తుంది, ఆటల్ని గడప తొక్కనివ్వదు. ఆటలకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. వేగం కోసం ఆ నియమం పెట్టారు, కాదనడానికి లేదు. కానీ యంత్రం విడుదలైన రోజుల్లో అమెరికాలో 256 జీబీ ఎక్స్‌ప్రెస్ కార్డు సుమారు 60 డాలర్లు పలికింది. అంటే ఆటను పెట్టుకునే చోటు, ఆట ఖరీదు చేసింది. కార్డులోంచి చిప్పు మాయమైంది కదా, ఆ మేరకు డబ్బాకు నాలుగు రూకలు తగ్గిద్దామన్న పాపిష్టి ఆలోచన మాత్రం పెద్దగా ఎవరినీ బాధించినట్టు లేదు.

వేగం సంగతి ఇంకో మాట. స్టార్ వార్స్ ఔట్‌లాస్ ఆట గేమ్-కీ కార్డుగా వచ్చినప్పుడు, మామూలు ఆట కార్డు నుంచి సమాచారం తమ ఇంజిన్‌కు కావాల్సినంత వేగంగా రావడం లేదని ఉబిసాఫ్ట్ ఇంజినీరు ఒకాయన చెప్పాడు. నిజమే అయ్యుండొచ్చు. కార్డు నెమ్మదైతే అందులోంచి యంత్రం లోపలికి కాపీ చేసుకునే వీలు పెట్టొచ్చు. ప్లేస్టేషన్ 4 డిస్కు విషయంలో 2013 నుంచీ జరిగింది అదే. ఇక చిప్పులో పట్టదన్న వాదన అంటారా, సైబర్‌పంక్ 2077 అంతటి భారీ ఆటను సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్లు అనుబంధ కథతో సహా 64 జీబీ కార్డులో కుదించి, స్విచ్ 2 మొదటి రోజునే అంగట్లో పెట్టారు. మనసుంటే చిప్పులో చోటుంటుంది. మరి పోకీమాన్ పోకోపియా ఏమంత కొండంత ఆటని తాళంచెవి కార్డుగా వచ్చిందో!

తొంభైల్లో మన తిరనాళ్లలో, జాతరల్లో రంగుల ప్లాస్టిక్ బ్రిక్ గేమ్ అమ్మేవాళ్లు. డబ్బా మీద 9999 ఆటలని రాసి ఉండేది. నొక్కి చూస్తే ఉన్నవి పదో పాతికో, మిగతావన్నీ వేగం మార్చిన అవే ఇటుకలు. కొట్టువాడు పచ్చి అబద్ధం ఆడాడు. కానీ ఆ 9999 అబద్ధాల్నీ డబ్బాలోనే పెట్టి ఇచ్చాడు. ఇంటికి వెళ్లి దించుకోండి అనలేదు. రెండు పెన్సిల్ సెల్సు వేస్తే ఎడ్లబండిలో తిరుగు ప్రయాణం మొదలయ్యేలోపే ఇటుకలు రాలేవి. ఆ ఇటుకల అసలు పుట్టింటివాడు టెట్రిస్ 1989లో గేమ్ బాయ్ మీదికి వచ్చినప్పుడు క్యాసెట్టులో పట్టింది 32 కేబీ. ఇవాళ పెళ్లిళ్ల గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకంటే బరువు. ఆ క్యాసెట్టు ఎవరి అటక మీదైనా దొరికితే, దుమ్ము దులిపి దోపితే, ఇప్పటికీ ఆట మొదలవుతుంది. ఎవర్నీ అడగక్కర్లేదు.

గేమ్-కీ కార్డు ఎవర్నో అడగాలి. అడిగినచోట ఎవరో ఒకరు పలకాలి. ఎంతకాలం పలుకుతారు? 2023 మార్చి 27న ఇదే నింటెండో తన పాత 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు మూసేసింది. అక్కడ మాత్రమే దొరికే ఆటలు కొనడానికి దారి లేకుండా పోయింది. అంతకుముందు కొన్నవి మళ్లీ దించుకోవచ్చన్నారు, ప్రస్తుతానికి. ఆ ప్రస్తుతానికి అన్న మాట ఒక్కటి చాలు, ఒళ్లు మండటానికి. 2021లో సోనీ కూడా పీఎస్ వీటా దుకాణం మూసేస్తామని చెప్పి, జనం గగ్గోలు పెడితే ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. తగ్గింది కాబట్టి మంచివాళ్లట. ఊరి చెరువుకు తాళం వేసి, గోల చేస్తే తీసినవాడికి సన్మానం చేయాలన్నమాట. డబ్బు తీసుకున్నాక సరుకు ఇవ్వడం దయాధర్మం ఎప్పుడైంది? పదేళ్ల తర్వాత ఒక పిల్ల ఈ కార్డును పాత సామాన్ల కొట్లో కొని దోపితే, సర్వరు పలక్కపోతే, ఆ డబ్బు ఎవరిచ్చుకోవాలి? దీనికి జవాబు డబ్బా మీద లేదు. డబ్బా మీద ఉన్నది అడుగున ఒక పట్టీ, అందులో తాళంచెవి గుర్తు, డౌన్‌లోడ్ చేసుకోక తప్పదన్న హెచ్చరిక. దగాను ముందే అచ్చువేసి చెప్తే అది దగా కాకుండా పోతుందని ఏ వకీలు చెప్పాడో గానీ, వాడి ఫీజు మాత్రం నికార్సైన డబ్బే అయ్యుంటుంది.

జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయం 2000 నుంచి పుస్తకాలతోపాటు వీడియో గేమ్‌లను కూడా భద్రపరుస్తోంది. గేమ్-కీ కార్డుల్ని మాత్రం తీసుకోబోమంది. కార్డులో ఆట లేదు కాబట్టి దాచడానికి అందులో ఏమీ లేదన్నది వాళ్ల లెక్క. సొంత దేశపు గ్రంథాలయమే ఇది ఆట కాదు పొమ్మన్నదాన్ని, పక్క వీధిలో ఆట అని బిల్లు కొట్టి అమ్ముతున్నారు. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఇవాళ కొందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అవి క్యాసెట్లూ డిస్కులూ ఉన్న కాలం ఆటలు. ఖాళీ కార్డుల కాలం లెక్క ఎంతకు తేలుతుందో, దాన్ని లెక్కపెట్టడానికైనా ఏం మిగులుతుందో.

అయినా వెనకేసుకొచ్చేవాళ్లకు కొదవ లేదు. మళ్లీ అమ్ముకోవచ్చు కదా అంటారు. అవును, అమ్ముకోవచ్చు, ఉత్త కోడ్ కాగితం పెట్టిన డబ్బా కంటే అది మేలే. రెండు కాళ్లూ విరగ్గొట్టినవాడి పక్కన ఒక కాలు విరగ్గొట్టినవాడు దేవుడిలాగే కనిపిస్తాడు.

ఈ రోగం కొత్తది కూడా కాదు. 2009లో సోనీ డిస్కు పెట్టే చోటే లేకుండా పీఎస్‌పీ గో తెచ్చింది. అప్పటికే జనం దగ్గరున్న డిస్కుల మాటేమిటంటే చేతులెత్తేసింది. రెండేళ్లు తిరక్కుండానే 2011లో తయారీ ఆపేసింది. ఆ తర్వాత వచ్చిన వీటాకు తన సొంత మెమరీ కార్డే కావాలంది, అమెరికాలో 32 జీబీ కార్డుకు దాదాపు 100 డాలర్లు పిండింది. చివరికి ఈ రోగానికి మందుగా కాలిఫోర్నియా చట్టం ఒకటి 2025 జనవరి 1 నుంచి, డిజిటల్ సరుకు అమ్మేచోట కొనండి అనే మాట వాడాలంటే అది ఉత్త లైసెన్సేనని తేటతెల్లంగా చెప్పమంటోంది. ఒక క్రియాపదాన్ని కాపాడటానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది.

స్విచ్ 2 విడుదలైన 2025 జూన్ 5 నాటి దేశాల జాబితాలో మనం లేం. మనదాకా వచ్చేవి సూట్‌కేసుల్లో వస్తాయి. డాలస్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లాడొకడు వేసవి సెలవులకు తెనాలి పక్క పల్లెలో అమ్మమ్మ ఇంటికి వచ్చాడనుకోండి. బయల్దేరే ముందు రోజు కొన్న కొత్త ఆట డబ్బా విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. విప్పి కార్డు దోపాడు. ఆట 60 జీబీ. మామయ్య ఫోన్లో డేటా రోజుకు 1.5 జీబీ. నలభై రోజులు పడుతుంది, మండల దీక్షకు ఒక్క రోజు తక్కువ. మాల వేసుకుంటే పుణ్యమైనా దక్కేది.

“కొన్నానన్నావు, మళ్లీ ఏం దించుకోవాలిరా?” అని అడిగింది అమ్మమ్మ.

“కార్డులో ఏం ఉండదు అమ్మమ్మా, ఖాళీదే,” అన్నాడు వాడు.

చివరికి ఎదురింటివాళ్ల బ్రాడ్‌బ్యాండ్ బతిమాలుకున్నారు. రెండుసార్లు కరెంటు పోయింది. రాత్రంతా దిగీ దిగీ పొద్దున ఎనిమిదింటికి నూటికి నూరు అయింది. ఒక్కసారి మొదలు కూడా పెట్టి చూశాడు, పాట వచ్చింది, బొమ్మ వచ్చింది. ఈలోగా పాత ఆట కార్డు ఒకటి మార్చిపెట్టి, కొత్తదాన్ని గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే గట్టు శుభ్రంగా తుడిచి ఉంది. కార్డు పెట్టమని తెర అడుగుతోంది.

“అమ్మమ్మా, ఇక్కడ చిన్న కార్డు ఉండాలి!”

“ఖాళీదేనన్నావుగా నాన్నా,” అంది ఆవిడ, చేటలో చెత్త ఎత్తుకుని పెరట్లోకి వెళుతూ.