గ్రూప్-2 చదువు పదేళ్లు నిలబడాలంటే: ఎకానమీ, వ్యవసాయంలో తొమ్మిది సూత్రాలు

తమ్ముళ్లూ, చదువు మొదలుపెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. తెమలనివ్వకుండా నడిపించడమే అసలు విద్య. నరసరావుపేటలో ఒక గది, రీడింగ్ రూంలో ఫ్యాను కింద కుర్చీ, నెల తిరిగేసరికి ఇంటి నుంచి డబ్బు, ఊళ్లో "వాళ్లబ్బాయి గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు" అనే గౌరవం. ఉద్యోగం వచ్చిందంటే ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి.

మాచర్ల, గురజాల వైపు నుంచి వచ్చినవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. మీరు రైతుబిడ్డలు. మెయిన్స్ పేపర్-2లో ఎకానమీకి 75 మార్కులుంటే, అందులో చాలా జవాబులు మీ నాన్న చేలోనే పడి ఉన్నాయి. ఏమరుపాటున తలకెక్కుతాయి. ఈ సూత్రాలు పాటించండి, ఏ ప్రమాదమూ ఉండదు.

1. ఒకే సబ్జెక్టుకి ఐదు పుస్తకాలు కొనండి.

అట్టలు వేయండి, పేరు రాయండి, వరసగా పేర్చి ఫొటో తీసి స్టేటస్ పెట్టండి. తర్వాత ప్రతి పుస్తకంలోనూ మొదటి అధ్యాయమే చదవండి. ఆడమ్ స్మిత్ 1776లో అర్థశాస్త్రాన్ని సంపద శాస్త్రమన్నాడు, మార్షల్ 1890లో సంక్షేమమన్నాడు, రాబిన్స్ 1932లో కొరతన్నాడు. అక్కడ ఆపండి. ఇదే సంగతి ఐదుసార్లు చదివితే సబ్జెక్టంతా వచ్చేసినంత ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యం ఉంటే రెండో అధ్యాయంతో పనిలేదు.

2. ఎరువుల బస్తా దగ్గరికి వెళ్లకండి.

నాన్న బస్తా దించడానికి పిలిస్తే నడుం పట్టేసిందని చెప్పండి. యూరియా బస్తా మీద 45 కిలోలు, నత్రజని 46 శాతం అని అచ్చువేసి ఉంటుంది. ఒక్కసారి చూస్తే చాలు, బస్తాకి 20.7 కిలోల నత్రజని అని బుర్ర తనంతట తానే లెక్కగట్టేస్తుంది. డీఏపీ ఇంకా మొండిది. 18-46 అని పెద్ద అంకెలు, మొదటిది నత్రజని, రెండోది భాస్వరం. "రెండు బస్తాలు వేసేచోట నాలుగు వేస్తే పంట రెట్టింపవుతుందా?" అని నాన్న ఎవరినో కసిరితే వెంటనే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. క్షీణ ప్రతిఫలాల సూత్రమంటే అదే. చేలో విన్నది చచ్చేదాకా మరుపు రాదు.

3. పట్టాదారు పాస్‌బుక్ తెరవకండి.

రెండెకరాలని కనబడితే లెక్క మొదలవుతుంది. హెక్టారుకి 2.47 ఎకరాలు, హెక్టారు లోపైతే సన్నకారు రైతు, ఒకటి నుంచి రెండు హెక్టార్లయితే చిన్నకారు రైతు. ఇంటి కాగితం చూసి ఒక బిట్టు వచ్చేసినట్టే. పుస్తకం బీరువాలోనే ఉండనివ్వండి.

4. మద్దతు ధరని చదవకండి, వాదించండి.

టీ కొట్టు దగ్గర మిరపకి మద్దతు ధర ఉందని గట్టిగా అనండి. కేంద్రం ప్రకటించేది 22 పంటలకని, వాటిలో పత్తి ఉంది గానీ మిరప లేదని, సిఫారసు చేసేది 1965లో పుట్టిన వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషనని ఎవడో ఒకడు అంటాడు. తగ్గకండి. "2025 ఫిబ్రవరిలో క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించలేదా?" అని అడగండి. అది మార్కెట్ జోక్య పథకం కింది ధర అని వాడు విడమరచి చెప్పేలోగా టీ డబ్బులు వాడిచేతే కట్టించి లేవండి. గెలిచినట్టూ ఉంటుంది, ఖర్చూ ఉండదు. టీ తాగేటప్పుడు ఫోనే చూస్తూ ఉండండి. మొదటి గ్లాసుకున్న రుచి మూడో గ్లాసుకి లేదని గమనించారంటే క్షీణ ఉపాంత ప్రయోజనం నాలుక మీదే అర్థమైపోతుంది.

5. కల్లంలో పడుకోకండి.

మా పక్క గదిలో కారంపూడి కుర్రాడొకడు ఉండేవాడు. మిరపకాయ ఆరబోసిన కల్లానికి కాపలాగా వారం రోజులు ఇంటికి వెళ్లాడు. రాత్రిళ్లు పట్టా మీద పడుకుని వాళ్ల నాన్న చెప్పింది విన్నాడు. 2023లో క్వింటా 20 వేలు దాటింది, అది చూసి అందరూ వేశారు, కాయ మిర్చి యార్డుకి పోటెత్తి ధర పడింది, ఇక అందరూ మానేస్తారు, మళ్లీ పెరుగుతుంది. సాలెగూడు సిద్ధాంతమంటే ఇదే. పోయినేడాది ధర చూసి ఈ ఏడాది విత్తడం. పుస్తకంలో మేం నాలుగేళ్లు తప్పించుకున్న పాఠం వాడికి వారంలో వచ్చేసింది. ఇప్పుడు పొద్దున్నే ఎనిమిదింటికి క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి బస్సెక్కుతున్నాడు. ఆదివారం తప్ప మధ్యాహ్నం నిద్రే లేదు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

6. సంవత్సరాలకి కోడ్‌లు కట్టండి.

రిజర్వు బ్యాంకు 1935, 14 బ్యాంకుల జాతీయీకరణ 1969, నాబార్డు 1982, నీతి ఆయోగ్ 2015. పేపరు మీద నాలుగుసార్లు రాస్తే పావుగంటలో వచ్చేస్తాయి. రాయకండి. సినిమా పేర్లతో ఒక కోడ్ కట్టండి, దానికి ఒక రోజు పడుతుంది. ఆ కోడ్ గుర్తుండటానికి ఇంకో కోడ్ కట్టండి, ఇంకో రోజు. వారం గడిచేసరికి కోడ్‌లు మిగులుతాయి, సంవత్సరాలు పోతాయి.

7. నాగార్జునసాగర్ వెళ్తే సెల్ఫీ తీసుకుని వచ్చేయండి.

శిలాఫలకం వైపు తిరగకండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడని, 1967లో కాలువలకి నీళ్లు వదిలారని, నిండు మట్టం 590 అడుగులని, మన చేలకి వచ్చే కుడి కాలువ పేరు జవహర్ కాలువని ఎవరైనా గైడు చెప్పబోతే ఎత్తిపోతల బస్సు వెళ్లిపోతుందని తొందరపెట్టండి. మించాలపాడు వైపు చుట్టాలున్నా కన్నెగంటి హనుమంతు ఊసెత్తకండి. పశువుల మేతకి పుల్లరి కట్టేది లేదని 1922లో ప్రాణమిచ్చిన మనిషి కథ ఒకసారి వింటే పన్నుల చరిత్ర గుండెలో దిగబడిపోతుంది.

8. ఏడాదికి సరిపడా సాకులు నిల్వచేసుకోండి.

శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లు, ప్రభ కట్టే పనికి మనిషి కావాలి. మే నెలలో రెంటచింతల ఎండ, ఆ వేడిలో బుర్ర పనిచేయదు. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలు. మిగతా నెలలకి "నోటిఫికేషన్ రాలేదు" చాలు. 2018 డిసెంబరు 31న వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ వచ్చింది 2023 డిసెంబరు 7న. ఒక్క మాటతో దాదాపు ఐదేళ్లు గడిచాయి. అంత చవకైన సాకు ఇంకోటి దొరకదు.

9. పరీక్షలో ఒక్క గడి కూడా వదలకండి.

పేపర్‌లో 150 ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు జవాబులు, తప్పుకి మూడోవంతు మార్కు కోత. కళ్లు మూసుకుని అన్నీ దిద్దితే సగటున 37.5 ఒప్పులు, 112.5 తప్పులు పడతాయి. తప్పులకి పోయేది సరిగ్గా 37.5. మిగిలేది సున్నా. పదేళ్లు కష్టపడి చదివినా ఇంత కచ్చితమైన లెక్క చేతికి రాదు. బయటికొచ్చాక మాత్రం "ఒక్క మార్కులో పోయింది" అనండి. ఎవరూ జవాబు పత్రం చూపించమని అడగరు.

ఇక మిగిలింది ఇల్లు. పండక్కి వెళ్లినప్పుడు అన్నం దగ్గర నాన్న అడుగుతాడు. "ఒరే అబ్బాయ్, ఎకానమీ చదువుతున్నావు గదా, ఈ ఏడు మిరప వేద్దామా, పత్తి వేద్దామా?" కంచంలోంచి తల ఎత్తకండి. "అది మెయిన్స్‌లో వస్తుంది నాన్నా, ఇప్పుడు ప్రిలిమ్స్ మీద ఉన్నా" అనండి. ఆయన మళ్లీ అడగడు. చేయి కడుక్కుని వచ్చి, చొక్కా జేబులోంచి నోట్లు తీసి, వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టి గది అద్దెకని ఇస్తాడు. యార్డు నుంచి వచ్చిన డబ్బు, మిరప ఘాటు ఇంకా వదిలి ఉండదు. తుమ్ము వస్తే ఆపుకోండి. నోట్లు జేబులో పెట్టుకుని వాకిట్లోకి వెళ్లి తుమ్మండి.