తమ్ముడికి కొన్న పలక

నేను పలకని. మార్కాపురం పలకని. ఊరి పేరు కావాలనే చెబుతున్నాను. ఒకప్పుడు ఈ దేశంలో ఏ మూల పిల్లాడు అ ఆలు దిద్దినా, వాడి ఒళ్ళో ఉన్నది మా ఊరి రాయే అనుకునేవాళ్ళు. మా దగ్గర నేల తవ్వితే పొరలు పొరలుగా మేమే. ఉలి పెట్టి తడితే విడిపోతాం. కోసి, నున్నగా రుద్ది, చుట్టూ చెక్క బద్దెలు బిగిస్తే పలక. ఆ రాతి దుమ్ము పీల్చి దగ్గుతూ పోయినవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి నా మీద ఎవరూ రాయలేదు.

త్రిపురాంతకం బజారులో ఒక తండ్రి నన్ను కొన్నాడు. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి, శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరు. ఆ ఊరి పక్క పల్లెకు పోయాను. వాళ్ళు ఆర్‌సీఎం వాళ్ళు, అంటే కతోలికులు. ఈ వైపు క్రైస్తవులంటే ఎక్కువ మంది బాప్టిస్టులే. ఘోరమైన కరువు వెనకాలే, 1878 జూలై 3న, ఒంగోలు మిషనరీ క్లౌ దొర కాలంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క వాళ్ళ మనవలు ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. మావాళ్ళు గుప్పెడు.

నన్ను కొన్నది కొడుకు కోసం. వాడి అక్క వాడికంటే మూడేళ్ళు పెద్ద, అయినా ఆమెకు పలక కొనలేదు. రాయడం తమ్ముడి వంతు, నన్ను కడగడం అక్క వంతు. దొండాకు పసరులో బొగ్గు నూరి రుద్దేది. నేను నిగనిగలాడేదాన్ని. వాడు మాత్రం బలపం సగం రాసి, సగం తినేవాడు. నాలుగో తరగతికి నోటుపుస్తకాలు వచ్చాయి, నేను అటకెక్కాను. బొంతల కింద ఎన్నేళ్ళు పడున్నానో నాకు లెక్క లేదు. తమ్ముడు హైదరాబాదు పోయాడు. అక్కకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోయి వస్తూ యాభై దాటింది. ఒకనాడు అటక దులుపుతూ నన్ను తీసి, కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని బయల్దేరింది.

ఎక్కడికంటే చర్చి పక్కన రేకుల షెడ్డుకి. కాన్వెంటు నుంచి ఒక సిస్టరు, మా విచారణ (పారిష్) ఉపదేశి కలిసి అక్కడ పెద్దవాళ్ళకు బైబులు చెబుతున్నారు. రాత్రి ఎనిమిదికి, వంటలు అయ్యాక. చదువు వచ్చినవాళ్ళు ముందు వరసలో బైబులు తెరుచుకుంటారు. రానివాళ్ళు వెనక పలకలు పట్టుకుని, ఆ పూట పాఠంలోని పేర్లతోనే అక్షరాలు నేర్చుకుంటారు. బాలశిక్షకు బదులు ఏసు, మరియ, పేతురు.

మొగవాళ్ళు మొదట్లో నవ్వారు. ఆ నవ్వులో కొంచెం భయం కూడా ఉంది లెండి. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో పాఠాలు చదివి సారా మీద తిరగబడ్డ సంగతి వీళ్ళకు గుర్తే. 1993లో ప్రభుత్వం సారా ఆపేసేదాకా ఆ మంట ఆరలేదు. ఆడోళ్ళ చేతికి బలపం ఇస్తే ఏమవుతుందో వీళ్ళకు తెలుసు.

అక్క చిన్నప్పుడు వాళ్ళింట్లో బైబులు లేదు. జపమాల ఉండేది. పరలోక జపం, మంగళవార్త జపం అన్నీ నోటికే. వాళ్ళ తాత రోజుల్లో పూజ లాటిన్‌లో జరిగేది. ఫాదరు అటు తిరిగి చెప్పేవాడు, జనం ఇటు జపమాల తిప్పేవాళ్ళు. అర్థం ఫాదరుది, మోకాళ్ళు మనవి అన్నట్టు సాగింది చాలాకాలం. 1962లో మొదలైన రెండో వాటికన్ మహాసభ ఆ తీరు మార్చింది. 1965 నవంబరు 18న వెలువడ్డ 'దేయి వెర్బుం' పత్రం, లేఖనాలు విశ్వాసులందరికీ అందుబాటులో ఉండాలని తేల్చి చెప్పింది. తర్వాత మన భాషలో ఆ పని తలకెత్తుకున్నవాళ్ళలో యేసుసభ గురువు పూదోట జోజయ్య పేరు ముందు చెప్పాలి. కతోలికుల తెలుగు బైబులు ఆయన చేతి చలవే. సికింద్రాబాదులోని అమృతవాణి లాంటి సంస్థలు పుస్తకాలు, పాటలు పల్లెలకు చేర్చాయి. అయినా పుస్తకం వేరు, చదవడం వేరు. రోములో అన్న మాట మా రేకుల షెడ్డుకు వచ్చేసరికి అర్ధ శతాబ్దం దాటింది.

రూతు కథ చెప్పిన రాత్రి నాకు బాగా గుర్తు. అక్క నా మీద 'రుతు' అని రాసింది. "దీర్ఘం అమ్మా, దీర్ఘం" అంది సిస్టరు. అలవాటు చొప్పున పక్కావిడ ఉమ్మితో తుడవబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "దేవుడి పుస్తకంలో పేరే, ఉమ్మేసి తుడుస్తావా?" కొంగు తడిపి తుడిచి, మళ్ళీ రాసింది. ఈసారి రూ కొమ్ము చెక్క బద్దె దాకా సాగింది.

మొగుడు పోయిన కోడలు, అత్తను వదల్లేక పరాయి ఊరొచ్చి, కోత కోసినవాళ్ళ వెనక పరిగె ఏరుకుందని ఉపదేశి చదువుతున్నాడు. షెడ్డులో చడీచప్పుడు లేదు. వేరుశనగ చేలో, కంది చేలో ఏరని చెయ్యి అక్కడ ఒక్కటీ లేదు. చేను గలాయన మంచివాడని, ఆమె కోసం కావాలనే కొన్ని వెన్నులు వదిలేయమన్నాడని చదవగానే వెనక నుంచి ఒక పెద్దమ్మ గొంతు లేచింది.

"మంచి ఆసామే గానీ ఫాదరుకు చెప్పు నాయనా, కోతకు పిలిచి కూలి ఇస్తే పరిగె ఏరే పనేముంది ఆ పిల్లకి?"

ఉపదేశి తెల్లమొహం వేశాడు. సిస్టరు నవ్వి లేవీయకాండం తీసింది. పొలం అంచులదాకా కోయొద్దు, రాలినవి ఏరొద్దు, అవి పేదలకు, పరదేశులకు అని అక్కడ ఉంది. "అంటే అది ఆయన దయ కాదు పెద్దమ్మా, ఆమె హక్కు." పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "అట్టా చెప్పు మరి" అంది. నాకైతే ఆ ఏడాది ఆ షెడ్డులో చెప్పిన పాఠాలన్నిటిలోకి అదే పెద్దది.

బాప్టిస్టుల ఇంటి నుంచి వచ్చిన కోడలు ఇంకో రోజు అడిగింది, మీ బైబులులో ఏడు పుస్తకాలు ఎక్కువేమిటని. వాళ్ళవి 66, మావి 73. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, ఇంకా మూడు. ఎవరిది సరైన లెక్కో తేల్చే పని సిస్టరు పెట్టుకోలేదు. చదివి చూడమంది. నాకూ ఆ పద్ధతే నచ్చింది.

ఇక నా వంశం సంగతి. మోషేకు దేవుడిచ్చిన ఆజ్ఞలు రాతి పలకల మీదివే. అది విన్నప్పుడు నేను చెక్క బద్దెల్లో పట్టలేదు. మోషే కోపంలో వాటిని పగలగొట్టాడని తర్వాతి వారం చెప్పారు, కాస్త తగ్గాను. లూకా సువిశేషంలో మాట పడిపోయిన జెకర్యా కొడుకు పేరు చెప్పడానికి పలక అడిగి, యోహాను అని రాశాడు. నోరు లేనివాడికి పలక. ఆ రోజు అక్క నన్ను ఒళ్ళోంచి దించలేదు.

మొన్న జనవరిలో మిరపకోతలకు పోతూ నన్ను కూడా మూటలో పెట్టింది. లారీ కుదుపుకు ఒక మూల విరిగింది. తిరిగొచ్చేదాకా షెడ్డుకు తాళం. జనం లేని ఊళ్ళో పాఠం ఎవరికి చెబుతారు?

ఇప్పుడు తిరిగొచ్చారు. ఈ ఆదివారం తోబీతు గ్రంథం మొదలు. వెనక వరసలో పదకొండు మంది, పలకలు ఏడే. ప్లాస్టిక్ వాటి మీద బలపం జారుతోందని పెద్దమ్మ గొణుగుతోంది. మీ అటక మీద మా రాయి ఏదైనా పడుంటే దించి పంపండి. మూల విరిగినా ఫర్లేదు.