ఇద్దరు రాములు, తెల్ల డబ్బాలు

మా రోజుల్లో కొడకండ్లల టీవీ చూడాలంటే ముందు మిద్దె ఎక్కాలె. 1987, ఆదివారం పొద్దుగాల రామాయణం. వాడకట్టంతటికీ ఒక్కటే టీవీ. కింద చాపల మీద జనం, పైన వెదురు గడకు కట్టిన యాంటెన్నా పట్టుకొని నేను.

"వచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"రాముడొచ్చిండు గని, ఇద్దరొచ్చిండ్రు!"

ఇద్దరున్నా దండం పెట్టుకున్నం. మధ్యాహ్నం వేరే భాష సినిమా వస్తే కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. అవి బొమ్మల కలిపి అచ్చేసినవి. చుక్కలు రాలితే మసకబారేవి గని, ఒక అక్షరం ఇంకో అక్షరమయ్యేది కాదు.

ఆ వింత 2002ల అమెరికాల, పెద్దోడి ఇంట్ల చూసిన. నాకు చెవులు మందగించినయని మాటలు అక్షరాల్లో వచ్చేటట్టు పెట్టిండు. ఆ దేశంల 1993 నుంచి 13 అంగుళాలు, ఆపైన ఉన్న కొత్త టీవీలన్నిట్ల ఆ ఏర్పాటు ఉండాల్నని చట్టమట. బొమ్మ పర్వాలేదు. అక్షరాలే ఆగమాగం. మాట మధ్యల తెల్ల డబ్బాలు, ఒక వాక్యం మీద ఇంకోటి. నా ఇంగ్లీషే పాడనుకున్న!

అప్పటి పద్ధతి వాడు చెప్పంగ తెలిసింది. ఆ అక్షరాలు బొమ్మల ఉండవు. తెరకు పైన, కంటికి కనపడని 21వ గీతల సున్నాలు ఒకట్లుగ దాక్కొని వస్తయి. మగ్గపోన్ని గనుక నాకు వెంటనే ఎక్కింది. సాదా బట్టల ఒక పోగు తెగితే ఎవరి కంటా పడది. జకార్డు అట్టల ఒక్క చిల్లు తప్పితే పువ్వు చెడుతది. గోడకు తగిలి ఆలస్యంగ వచ్చిన సిగ్నల్ మాకు ఇద్దరు రాములనిచ్చింది. అట్లాంటి సిగ్నలే అక్కడ పక్కనున్న సున్నా-ఒకటి గుర్తు మీద పడి లెక్క చెడగొడుతది. ప్రతి అక్షరానికి ఏడు గుర్తులు, వాటికి కాపలాగ ఎనిమిదోది. ఒకట్ల లెక్క బేసి రావాలె. సరి వస్తే తెల్ల డబ్బా. రెండు గుర్తులు ఒక్కసారే తారుమారైతే లెక్క మళ్ల బేసే, కాపలాకు తెల్వదు, తప్పుడు అక్షరం దర్జాగ లోపలికొస్తది. పాత వాక్యం తుడువుమనే ఆజ్ఞ పోతే ఒకదాని మీద ఒకటి.

ఇప్పుడు ఇంటి మీద డిష్షు. వాన గట్టిగ పడితే బొమ్మ గళ్లుగళ్లయి, బిగుసుకపోయి, "సిగ్నల్ లేదు" అంటది. ఒక్క రాముడూ ఉండడు. తిప్పుదామని లేస్తే "ముట్టకు తాతా" అంటడు మనవడు. సీరియల్‌కు అక్షరాలు రావాలని రిమోట్‌ల మీటలన్నీ నొక్కిన, ఏం లాభం లేదు. అత్త కోడలినేమన్నదో మా ఇంటామె చెప్పాలె. ఆమె సగం చెప్పి, మిగతా సగం చూసుకుంట మరిచిపోతది.