చెప్పులు బయట, చేతులు లోపల

మన ఆసుపత్రుల్లో సూక్ష్మక్రిముల మీద యుద్ధం ఐసీయూ గుమ్మం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ‘చెప్పులు బయటే విడవండి’ అని ఎర్రక్షరాల బోర్డు, దాని కింద స్టూలు మీద సెక్యూరిటీ. ముసలాయన గోడ పట్టుకుని హవాయి చెప్పులు విప్పేదాకా వదలడు. ఆసుపత్రిలో జబ్బు ఒక మంచం మీంచి ఇంకో మంచానికి పోయేది ఎక్కువగా వైద్యం చేసేవాళ్ల చేతుల మీదుగానేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో అక్కడే కొత్త జబ్బు తగిలించుకునేది ధనిక దేశాల్లో నూటికి ఏడుగురు, మనలాంటి దేశాల్లో పదిహేనుమంది అని 2022లో లెక్క కూడా చెప్పింది. అయినా మన కాపలా కాళ్లకే. చేతులకు బోర్డు పెడితే అది పెద్ద డాక్టరుగారికీ వర్తిస్తుంది మరి. చెప్పుల బోర్డుకు ఆ ఇబ్బంది లేదు, చుట్టాలతో సరిపోతుంది.

పెద్దవాళ్ల చేతుల జోలికి వెళితే ఏమవుతుందో 1847లోనే వియన్నాలో తేలింది. అక్కడి జనరల్ ఆసుపత్రిలో పురుళ్ల విభాగాలు రెండు. మంత్రసానులున్న దానికంటే డాక్టర్లూ వైద్య విద్యార్థులూ ఉన్నదాంట్లో బాలింతల చావులు రెట్టింపుకు పైనే. శవాలను కోసిన చేతులతోనే వచ్చి పురుడు పోస్తున్నారని అక్కడే పనిచేసే డాక్టరు సెమ్మెల్‌వైస్ పట్టుకున్నాడు, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న చావులు జూన్‌కల్లా రెండుకు దిగాయి. అంత మేలు చేసినందుకు రెండేళ్లు తిరక్కుండానే ఆయన ఉద్యోగం పోయింది. దొరల చేతులకు మురికుందంటే ఊరుకుంటారా! 1865లో పిచ్చాసుపత్రిలో, పుండు విషమించి పోయాడు.

ఇప్పుడు ఎవరూ అంత మొరటుగా కాదనరు. ‘తీరికేదండీ?’ అంటారు. వార్డంతటికీ ఒక్కత్తే ఉన్న నర్సు ఆ మాటంటే నమ్మాల్సిందే. పని ఒత్తిడి పెరిగినకొద్దీ చేతులు కడగడం తగ్గుతుందని జెనీవా ఆసుపత్రిలో డాక్టర్ డిడియర్ పిటే బృందం లెక్కగట్టి చూపింది. ఆ లెక్కలోనే నర్సులకంటే డాక్టర్లు తక్కువ కడుగుతారనీ తేలింది. పని నర్సుకు, తీరిక లేనిది డాక్టరుకు! పిటే వాళ్లకు నీతులు చెప్పి ఊరుకోలేదు. మంచం మంచం దగ్గరా ఆల్కహాల్ ద్రావణం పెట్టించాడు. రుద్దుకోవడానికి అరనిమిషం చాలు. 1994 నుంచి 1997 లోపల చేతుల శుభ్రత 48 శాతం నుంచి 66కి పెరిగింది, ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 1998కల్లా దాదాపు 17 శాతం నుంచి 10కి తగ్గాయి. మన దగ్గర ఆ సీసా ఎక్కువగా తనిఖీ రోజున నిండుతుంది.

‘యాంటీబయాటిక్స్ ఉన్నాయిగా’ అనేది ఇంకో ధీమా. ఆ మందులకు లొంగని క్రిములు ఆ ఐసీయూల్లోనూ పుట్టి పెరుగుతాయి. పైగా ద్రావణం ఖర్చు ఆసుపత్రిది, యాంటీబయాటిక్ ఖర్చు రోగిది. రెండింట్లో ఏది ధారాళంగా వాడతారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

‘చేతులు శుభ్రం చేసుకున్నారా డాక్టరు గారూ?’ అని రోగులే అడగాలని కొందరు నిపుణుల సలహా. అడగొచ్చు. కాకపోతే ఏం జరిగినా బాధ్యత మాదేనని ఆపరేషన్‌కు ముందే సంతకం పెట్టి ఇచ్చింది కూడా వాళ్లే.