రక్తపాయి పద్యానికి టీకా తాత్పర్యాలు

ఎండ మండుచుండ నెఱ్ఱకన్నులతోడ
నల్లమకమలందు నాని నాని
రక్తపాయి వచ్చి రక్తదానముఁ జేయ
వరుసలోన నిలిచె వానిఁ గనుఁడు

టీక: ఎండ మండుచుండ = సెప్టెంబరు మొదట్లో అట్లాంటా నగరం ఉక్కతో ఉడుకుతుండగా; ఎఱ్ఱకన్నులతోడ = రంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకొని; నల్లమకమలందు = నేలను ఊడ్చే వెల్వెట్ అంగీలో; నాని నాని = చెమటకు తడిసి, ఏసీకి ఆరి, మళ్లీ తడిసి; రక్తపాయి = నెత్తురు తాగువాడు, ఇక్కడ డ్రాక్యులా వేషగాడు; రక్తదానముఁ జేయ = సంచీ నింపుటకు; వరుసలోన = క్యూలో; నిలిచె = నిలబడెను; వానిఁ గనుఁడు = చూడుడు, ఫొటో కావలెనన్న అడిగి తీయుడు.

తాత్పర్యం: 1987 నుంచి అట్లాంటాలో జరిగే డ్రాగన్ కాన్ అనే అభిమానుల జాతరలో ఒక గోత్ (నల్లబట్టలూ చీకటి సొగసులూ మెచ్చే అభిమాని) రక్తమిచ్చాడు.

విశేషాలు: రక్తపాయికి ఎండ పడదు కదా, మొదటి పాదమే తప్పని పూర్వపక్షం. అది నిలవదు. బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాక్యులా పట్టపగలే లండన్‌లో తిరిగాడు. పగటిపూట శక్తులు సన్నగిల్లుతాయి, అంతే. ఎండ సోకితే మాయమైపోవడం 1922 నాటి ‘నొస్ఫెరాటు’ అనే మూకీ చిత్రం తగిలించిన శాపం. ఆక్షేపించినవారు సినిమాలతో సరిపెట్టుకున్నారని తేలుతోంది. అయినా ఆరితేరిన గోత్‌లు ఎండ మొహం చూడరు. జాతర జరిగే హోటళ్లను కలిపే వంతెనల మీదుగా ఏసీలోంచి ఏసీలోకే నడుస్తారు. శనివారం పొద్దున పీచ్‌ట్రీ వీధిలో సాగే జాతర ఊరేగింపు ఒక్కటే వారి తపస్సు.

‘నల్ల’ అన్న విశేషణం పునరుక్తి. 1979లో బౌహాస్ అనే రాక్ బృందం, 1931 నాటి తెర డ్రాక్యులా బేలా లుగోసి చావు మీద పాట కట్టిన దగ్గర్నుంచీ గోత్ సంప్రదాయానికి వేరే రంగు పెద్దగా రుచించలేదు.

తాగేవాడు దానమివ్వడం విరోధాభాసాలంకారం అంటారు. నేనొప్పను. స్టోకర్ నవలలోనే డ్రాక్యులా కాటుకు గురైన లూసీకి నలుగురు మగవాళ్లు వంతులవారీగా రక్తమెక్కించారు. లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త రక్తవర్గాల సంగతి ప్రకటించింది 1901లో; అంటే ఎవరి గ్రూపేమిటో అడిగిన నాథుడు లేడు. పాపం లూసీ ప్రాణం తీసింది కోరలా, సూదులా? ఈ ప్రశ్న జాతరలోని హారర్ విభాగం సదస్సులో ఎవరైనా లేవదీస్తే అర్ధరాత్రి దాటినా సభ లేవదు.

డ్రాగన్ కాన్‌లోని ఈ రక్తదాన శిబిరానికి సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ హైన్‌లైన్ పేరు పెట్టారు. ఆయనది అరుదైన గ్రూపు. ముక్కూమొహం తెలియనివారి నెత్తురుతో బతికి, 1976లో కాన్సాస్ సిటీ సైన్స్ ఫిక్షన్ సమావేశంలో అభిమానుల చేత రక్తదానం చేయించాడు. కనుక రక్తపాయి నిలబడ్డ వరుస సరైనదే.

ఫలశ్రుతి: రక్తమిచ్చినవాడు అమెరికా నియమం ప్రకారం 56 రోజుల దాకా మళ్లీ ఇవ్వరాదు. తాగడానికి మాత్రం గడువేమీ పెట్టలేదు.